చెరువుల వారీగా ఉత్తరాలు

మా ఇంటి ముందుగదిలో పోస్టాఫీసు ఉందని అందరూ అంటారు. నిజానికి పోస్టాఫీసు వెనక మా ఇల్లుంది. ముందుగదికి మంచి ఫ్యాను, ట్యూబులైటు, గోడకి ఎర్ర బోర్డు ఉన్నాయి. వెనక గదులకి మేమున్నాం. మా మామగారు చాలా ఏళ్ళు ఈ గదిలోనే బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశారు. ఆయన తరవాత పదో తరగతి మార్కుల మీద ఆ ఉద్యోగం నాకు వచ్చింది. అప్పటికి ఊళ్ళో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ముగ్గురున్నారు గాని, వాళ్ళెవరికీ రోడ్డు మీదికి తలుపున్న గది లేదు. కాబట్టి ఉద్యోగం సగం నా చదువు వల్ల, సగం మామగారి తలుపు వల్ల వచ్చిందనుకోవాలి. బి.పి.ఎం. అంటే బ్రాంచి పోస్టుమాస్టరని డిపార్టుమెంటు చెబుతుంది. బి.పి. ఉన్న మేడమని మా ఆయన చెబుతారు. రెండూ రికార్డులో ఉన్నవే.

ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య, కొల్లేటి వైపు దిగే రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. నేను కాపురానికి వచ్చినప్పుడు మేడెక్కి చూస్తే వరిచేలు కనపడేవి. ఇప్పుడు నాలుగు పక్కలా నీళ్ళే. కొల్లేరు ఎక్కడ ఆగుతుంది, చేపల చెరువు ఎక్కడ మొదలవుతుంది అన్నదాని మీద పెద్దవాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. చేపలు మాత్రం ఏ పక్షానా చేరలేదు. చేలున్న కుటుంబాలు చాలావరకు చేలని లీజుకిచ్చి ఏలూరులోనో భీమవరంలోనో ఇళ్ళు కట్టుకున్నాయి. వాళ్ళ బదులు చెరువులకి కాపలా ఉండటానికి, మేత వెయ్యడానికి, చేపల్ని ఐసులో సర్ది పెట్టెలకెత్తడానికి ఒరిస్సా నుంచి, బెంగాలు నుంచి మనుషులొచ్చారు. మా పోస్టాఫీసులో ఉత్తరాలు తగ్గి ఉత్తరాది వాళ్ళు పెరిగారు. ఈ ముక్క నేను ఎంతమంది దగ్గర అన్నానంటే, ఇప్పుడు నేను 'ఉత్తరా' అనగానే మా ఆయన లేచి మంచినీళ్ళకి వెళతారు.

ఉత్తరాలు తగ్గాయంటే కష్టసుఖాలు రాసుకునేవి తగ్గాయని. ఏటీఎం కార్డులు, ఆధార్ కార్డులు, ఇన్సూరెన్సు వాళ్ళ హెచ్చరికలు, రిజిస్టరు కవర్లు వస్తూనే ఉన్నాయి. చిక్కల్లా అవి ఎవరికి వస్తున్నాయో వాళ్ళు ఊళ్ళో ఉండరు. చెరువు గట్టు మీద రేకుల మకాంలో ఉంటారు. మకానికి డోరు నంబరు ఉండదు. చాలాసార్లు డోరే ఉండదు. పంచాయతీ వాళ్ళు వీధులకి నంబర్లు వేశారు గాని గట్లకి వెయ్యలేదు. కవరు మీద మనిషి పేరు, దాని కింద 'ఫలానా వారి చెరువు', దాని కింద మా ఊరు, పిన్‌కోడు. అంతే.

అందుకని నేనొక పద్ధతి పెట్టాను. చార్టు మీద చెరువులన్నీ గీసి తలుపు వెనక అంటించాను. గోడకి మేకులు కొట్టి ఒక్కో మేకుకి ఒక్కో సంచి తగిలించి, సంచి మీద చెరువు పేరు రాశాను. డాక్టరు గారి చెరువు, రెండు మోటార్ల చెరువు, బాతుల చెరువు, కొత్త చెరువు. ఆ డాక్టరు గారు లీజు వదిలేసి పదేళ్ళయింది. కొత్త చెరువు తవ్వినప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు బైకులు నడుపుతున్నారు. అయినా పేర్లు అవే. మేత తీసుకెళ్ళే ఆటోల చేత కబురు పెడితే మకాంలో వాళ్ళు తీరిక చూసుకుని వచ్చి కిటికీ దగ్గర నిలబడతారు. నేను "ఏ చెరువమ్మా?" అంటాను. వాళ్ళు చెరువు చెబుతారు. ఆ సంచిలో చెయ్యి పెడతాను. ఒకసారి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు కూడా ఆ పటాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నారు. అప్పటినుంచి నన్ను పట్టడం కష్టమైందని ఇంట్లో వాళ్ళంటారు.

మా డెలివరీ ఆయన మాత్రం మెచ్చుకోలేదు. ఆయన మా మామగారి హయాంలో చేరిన మనిషి. రిటైర్‌మెంటుకి దగ్గర పడ్డారు. నన్ను ఇప్పటికీ 'కోడలు గారూ' అనే పిలుస్తారు.

"బొమ్మ బానే ఉందండి కోడలు గారూ. కాని చెరువు కదలదు, మనిషి కదులుతాడండి."

"కదిలితే చెబుతారు కదండీ."

"ఎవరికి చెబుతారండి? మకాం మారితే కుక్కకి చెబుతారు, అది వెనకాల వస్తదని. మనకెందుకు చెబుతారు?"

 మోపెడు మీద తిరిగే మనిషికి పటం విలువ ఏం తెలుస్తుందనుకున్నాను.

మొన్నటి వేసవి చివర్లో ఒక శుక్రవారం పొద్దున బాతుల చెరువు కాపలా అతని భార్య వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ఒరిస్సా పిల్ల. నాలుగేళ్ళ కింద మొగుడితో వచ్చినప్పుడు తెలుగు ముక్క రాదు. ఇప్పుడు గోదావరి జిల్లాలో పుట్టినదానిలాగే మాట్లాడుతుంది. గట్టు మీద వాళ్ళ దగ్గర నేర్చుకున్న భాష కావడంతో ఎక్కడ 'అండి' పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తేడా తెలీదు. మోటారు ఆడకపోతే "ఇంజను గారు లేవట్లేదండి" అంటుందని మేత ఆటో అతను చెప్పి నవ్వేవాడు. ఆ పిల్ల ఆ వారంలో కిటికీ దగ్గరికి రావడం అది మూడోసారి.

"నాకేమన్నా వచ్చిందాండి?"

"ఏ చెరువు?" అన్నాను, అలవాటుగా.

"బాతుల చెరువండి."

బాతుల చెరువు సంచిలో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ముందు రెండుసార్లూ లేదనే చెప్పాను. ఈసారి ఆవిడ వెళ్ళిపోలేదు. సంగతంతా చెప్పింది. హైవే పక్కన రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యల్ని సైజుల వారీగా వేరు చేసే బల్లల మీద సూపర్‌వైజరు పని ఖాళీ ఉంది. ఆవిడ అక్కడ కొన్నాళ్ళు కూలికి వెళ్ళింది. ఒడియా, బెంగాలీ, తెలుగు మూడూ వచ్చుగాబట్టి ఆవిడనే తీసుకుంటామన్నారు. పదో తరగతి పాసైన ఒరిజినల్ సర్టిఫికెట్టు సోమవారం లోపల చూపించాలి. పనితోపాటు కంపెనీ క్వార్టర్సులో ఒక గది ఇస్తారు. వానలు పడితే గట్టు మీద మకాంలోకి పాములొస్తాయి. పోయినేడు మంచం కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని పడుకున్నారట. నడవడం నేర్చిన పిల్ల ఒకతి ఉంది, చుట్టూ నీళ్ళు. ఈసారి వానలకి గట్టు మీద ఉండకూడదని ఆవిడ పట్టు. గట్టు మీద కాపురం ఉంటూ గట్టెక్కాలని చూస్తున్న మనిషి అన్నమాట. ఈ మాట అప్పుడు తోచలేదులెండి, తరవాత తోచింది. అప్పుడు తోస్తే అనేసేదాన్నేమో.

సర్టిఫికెట్టుని వాళ్ళమ్మ రిజిస్టరు కవర్లో పంపి పదమూడు రోజులైందట. రసీదు ఫొటో ఫోన్లో చూపించింది. నేను మా డిపార్టుమెంటు ఇచ్చిన మిషను తీసి, రసీదు మీద నంబరు కొట్టాను. ఇలాంటప్పుడు నాకు కొంచెం హుషారుగా ఉంటుంది. దేశంలో ఎక్కడో చిక్కుకుపోయిన కవర్ని మా ముందుగదిలోంచి పట్టుకుంటున్నానని.

మిషను నాలుగు వరసల్లో జవాబిచ్చింది. కవరు మా ఆఫీసుకి పోయిన వారమే వచ్చింది. ఏడు రోజులు ఉంది. చిరునామాదారు వెళ్ళిపోయారన్న కారణంతో, పంపినవారికే తిప్పి పంపడమైంది. ఎప్పుడు? నిన్న. ఎక్కడి నుంచి? ఇక్కడి నుంచి.

నాకు ఆ కవరు గుర్తొచ్చింది. దాని మీద 'రెండు మోటార్ల చెరువు' అని ఉంది. రెండు మోటార్ల చెరువులో నెల కిందటే చేపలు పట్టేసి ఎండగట్టారు. ఆ మకాం ఖాళీ అని ఊరంతటికీ తెలుసు, నాకు మరీ తెలుసు. పటంలో దాని మీద పెన్సిలుతో గీత కూడా పెట్టాను. కబురు పెడదామంటే ఎండిన చెరువుకి మేత ఆటో వెళ్ళదు. ఏడో రోజు గడిచాక కవరు మీద ఎర్ర సిరాతో 'వెళ్ళిపోయారు' అని గుండ్రంగా రాసి, ముద్ర వేసి, వెనక్కి వెళ్ళే టపా సంచిలో వేశాను.

వెళ్ళిపోయినవాళ్ళు వెళ్ళింది బాతుల చెరువు మీదికి. కూతవేటు దూరం. వాళ్ళమ్మ దగ్గరున్నది పాత చిరునామా. ఈ పిల్ల కిటికీ దగ్గర నిలబడి నాకొచ్చిందా అని అడిగిన రెండుసార్లూ ఆ కవరు ఆవిడకి మూరెడు దూరంలో పక్క మేకుకి వేలాడుతోంది. కవరు మీద ఆవిడ పేరుంది. ఆ పేరు చదివాను కూడా. అయితే అది ఈవిడ పేరని నాకు తెలీదు. అంతకుముందు వచ్చినవన్నీ మొగుడి పేరు మీద వచ్చేవి. ఈవిడని నేను మొదట రెండు మోటార్ల అమ్మాయి అని, తరవాత బాతుల అమ్మాయి అని అనుకున్నాను తప్ప పేరు అడగలేదు.

ఆవిడ అంటోంది, "ఎక్కడుందండి?"

దారిలో ఉందమ్మా అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. దారిలోనే ఉంది, వెనక్కి. ఆ జవాబు నోటిదాకా వచ్చింది. మా డెలివరీ ఆయన ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని కవర్లు సర్దుతున్నారు. తలెత్తలేదు గాని చేతులు ఆపారు.

"ఇక్కడికే వచ్చింది. నేనే తిప్పి పంపాను," అన్నాను. "పాత చెరువు పేరుంటే మీరు లేరనుకున్నాను. పొరపాటు నాది."

 కేకలేస్తుందనుకున్నాను.

"నేను ఇక్కడే నిలబడ్డాను కదండి," అంది. అంతే.

సబ్ పోస్టాఫీసుకి ఫోను చేశాను. నిన్న సాయంత్రమే సంచి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయిందన్నారు. కౌంటరు డెలివరీ ఆయనకి అప్పగించి, ఆ పిల్లని తీసుకుని బస్సెక్కాను. పట్టుచీర కట్టి పెళ్ళికి తప్ప ఆ వేళప్పుడు నేను ఊరు దాటింది లేదు. కండక్టరు "ఏవండీ, పోస్టాఫీసు మూసేశారా?" అన్నాడు. మూసెయ్యలేదు, వెంట తెచ్చుకున్నానని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నాకూ తరవాత నవ్వించాలనిపించలేదు.

తాడేపల్లిగూడెంలో టపా సార్టింగు చేసే చోట ఒక గుమాస్తా గారు మా మాట మర్యాదగానే విన్నారు. రిజిస్టరులో చూశారు.

"పొద్దున్నే బండెక్కిపోయిందండి."

"ముందు స్టేషన్లో ఆపించే వీలుంటుందాండి?"

"ఉంటుందండి. పంపినవారు అర్జీ పెట్టుకోవాలి."

"పంపినావిడ ఒరిస్సాలో ఉన్నారండి."

"మరి ఒరిస్సాలోనే పెట్టుకోవాలండి." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇంతకీ ఇది తిప్పి పంపిందెవరండి?"

"నేనేనండి."

ఆయన రిజిస్టరు మూశారు. కుర్చీ చూపించి మంచినీళ్ళు ఇప్పించారు. డిపార్టుమెంటులో తోటివాళ్ళని మందలించడానికి అదొక పద్ధతి.

వెనక్కి వచ్చేటప్పుడు బస్సు ఉంగుటూరు దాటింది. ఆ తరవాత ఆవిడే మొదలుపెట్టింది.

"మీరు కాగితం రాసిస్తారాండి?"

"ఏమని?"

"సర్టిఫికెట్టు వచ్చిందండి, మీరు పంపేశారండి, మళ్ళీ వస్తదండి, అని. నేను చెబితే ఫ్యాక్టరీలో నమ్మరండి. అందరూ అలాగే చెబుతారంట. మీ ముద్ర ఉంటే నమ్ముతారండి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఉద్యోగంలో చేరిన నాడు మామగారు నాకొక సలహా ఇచ్చారు. నోటితో ఎన్నైనా ఒప్పుకో, కాగితం మీద ఒక్కటి కూడా ఒప్పుకోకు అని. ఆఫీసు ముద్ర వేసి తప్పు నాదేనని రాసిస్తే ఆ కాగితం ఎవరి చేతికైనా వెళ్ళొచ్చు. పటాన్ని ఫొటో తీసుకున్న ఇన్‌స్పెక్టరు గారి చేతికే వెళ్ళొచ్చు. రెండు స్టాపులు గడిచాయి.  ఆవిడ చేతుల్లో ఫోను పెట్టుకుని, ఆ రసీదు ఫొటోని వేళ్ళతో పెద్దది చేస్తోంది, చిన్నది చేస్తోంది.

"రేపు పొద్దున రా. రాస్తాను," అన్నాను.

శనివారం పొద్దున రాశాను. ముసాయిదాలు మూడయ్యాయి. మొదటిదాంట్లో 'అనివార్య కారణాల వల్ల' అని పడింది. రెండోదాంట్లో 'చిరునామాలోని అస్పష్టత వల్ల' అని పడింది. కలానికి అవన్నీ కంఠతా వచ్చు. మా ఆయన వెనకనుంచి చదివి, "అస్పష్టత చిరునామాలో ఉందా?" అన్నారు. ఆయన బి.పి. సంగతి ఎత్తకుండా మాట్లాడిన కొద్ది సందర్భాల్లో అదొకటి. మూడోదాంట్లో మూడే వాక్యాలు. ఫలానా నంబరు కవరు మా ఆఫీసుకి వచ్చింది. చిరునామాదారు ఊళ్ళోనే ఉండి స్వయంగా వచ్చి అడిగినా నేను గుర్తించక తిప్పి పంపాను. అది తిరిగి రావడానికి పది రోజులు పట్టవచ్చు. కింద సంతకం చేసి, తేదీ ముద్ర వేశాను.

ఆవిడ పేరు రాయాల్సిన చోట ఆగి, "నీ పేరు చెప్పమ్మా," అన్నాను. చెప్పింది. సరిగ్గా పలకలేకపోయాను. మళ్ళీ చెప్పింది. రెండోసారి కుదిరింది.

ఫ్యాక్టరీకి నేనూ వెళ్ళాను. రమ్మని ఆవిడ అనలేదు, వద్దని కూడా అనలేదు. లోపల ఏసీ గదిలో కూర్చున్న కుర్రమేనేజరు కాగితం రెండుసార్లు చదివాడు.

"ఏవండీ, ఇది నిజంగా మీరే రాశారాండి?"

"నేనేనండి."

"గవర్నమెంటు ఆఫీసు నుంచి ఇలాంటి కాగితం నేనెప్పుడూ చూడలేదండి." దాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు.  ఫైల్లోకి వెళ్ళిన కాగితానికి కాళ్ళొస్తాయని నాకు అనుభవమే. "పది రోజులు చూస్తామండి. పదకొండో రోజున ఇంకొకరిని తీసుకోవాలి. బల్ల ఖాళీగా ఉంచలేను కదండీ."

"పది రోజులు చాలండి," అంది ఆవిడ. చాలుతాయో లేదో నాకు నమ్మకం లేదు. ఆవిడకీ ఉండదు. కాని అడిగినవాడికి జవాబు చెప్పే వంతు ఆవిడది.

సోమవారం వాళ్ళ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు నంబరు సంపాదించాం. ఆయనా నాలాంటి వాడే, ఇంటి ముందుగదిలో ఆఫీసు. వెనక కోళ్ళ అరుపులు వినపడుతున్నాయి. నాకు ఒడియా రాదు, ఆయనకి తెలుగు రాదు. ఆవిడ మధ్యలో నిలబడి ఇటువి అటు, అటువి ఇటు అందించింది. కవరు రాగానే వాళ్ళమ్మకి ఇచ్చి, ఆ రోజే తిరిగి కట్టించి పంపిస్తానన్నాడాయన. ఇంకా ఏదో అన్నాడు. ఆవిడ అనువదించలేదు.

"ఏమన్నారు?"

"ఈసారి ఏం చిరునామా రాయమంటారని అడుగుతున్నారండి."

నా చూపు తలుపు వెనక్కి వెళ్ళింది. బాతుల చెరువు అని చెబుదామనుకున్నాను. పది రోజుల్లో మకాం మారదని ఎవరు చెప్పగలరు? "నీ పేరు, మన ఊరు, పిన్‌కోడు. చెరువు పేరు వద్దని చెప్పు," అన్నాను. ఆవిడ తన పేరు అక్షరం అక్షరంగా చెప్పింది, ఫోనులోకి, గట్టిగా. స్టూలు మీద మా డెలివరీ ఆయన దాన్ని మెల్లగా నోట్లో అనుకున్నారు.

ఆ వారమంతా మిషనులో ఆ నంబరు రోజుకి నాలుగుసార్లు కొట్టాను. కవరు వాళ్ళ జిల్లాకి చేరింది. వాళ్ళ ఊరికి చేరింది. ఆ రోజే కొత్త నంబరుతో తిరుగుప్రయాణం పట్టింది. ఆదివారం ఏమీ కదల్లేదు. ఈలోగా మొదటి వాన పడింది. గట్టు మీద మకాంలోకి పాము వచ్చిందో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ ఒక్కరోజు కూడా కిటికీ దగ్గరికి రాలేదు. వస్తే ఏ చెరువు అని అడుగుతానని కాబోలు.

ఇన్‌స్పెక్టరు గారి దగ్గర్నుంచి నాకొక మెమో వచ్చింది. కౌంటరు వదిలి వెళ్ళినందుకు, అధికారం లేకుండా ధ్రువపత్రం ఇచ్చినందుకు, రెంటికీ వేరువేరుగా సంజాయిషీ అడిగారు. తిప్పి పంపినందుకు అడగలేదు. ఏడు రోజుల నిబంధన ప్రకారం అది సక్రమమే. రెండు సంజాయిషీలు రాశాను. ఏం చేస్తారో ఇంకా తెలీదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కవరు వచ్చింది. మేత ఆటో కోసం చూడకుండా మా డెలివరీ ఆయన తన మోపెడు తీశారు. ఆయనకి గట్లమీదికి వెళ్ళే డ్యూటీ లేదు. అరగంటలో ఆవిడ ఆయన వెనక కూర్చుని వచ్చింది. మోకాళ్ళదాకా బురద. కిటికీ దగ్గర నిలబడి సంతకం చేసింది. ఒడియాలో చేసింది, గుండ్రంగా. కవరు అంచుని పిన్నీసుతో కోసి, లోపలి కాగితం బయటికి తీసి, వెలుగుకి పట్టి, పైనుంచి కిందిదాకా చదువుకుంది. తన సర్టిఫికెట్టే, అయినా చదువుకుంది.

"వానొచ్చేలా ఉందండి. ప్లాస్టిక్ కవరు ఉందాండి?"

పార్సిలుకి చుట్టి వచ్చిన మందపాటి పాలిథిన్ ముక్క ఉంటే ఇచ్చాను. దాంట్లో కాగితాన్ని పెట్టి నాలుగు మడతలు పెట్టి, పైట కింద దాచుకుంది. హైవే మీదికి వెళ్ళే బస్సు మా ఇంటి ముందే ఆగుతుంది. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సినంత పని నేను చెయ్యలేదు, చేసిందాన్ని సరిచేశానంతే. బస్సు మెట్టు మీద నిలబడి పాలిథిన్ బయటికి తీసి, తడి తగిలిందేమోనని వేలితో తడిమి చూసుకుంది. తగల్లేదు. లోపలికి వెళ్ళి కూర్చుంది.